కలుజు మీద సంచులు

ఇన్నేళ్ళూ దీన్ని గుండెలో మోసుకుని తిరిగాను అని రాయబోయి ఆగిపోయాను. నిజం అది కాదు. బరువు మోసేవాడు అప్పుడప్పుడూ ఆగి భుజమైనా మార్చుకుంటాడు. నేను అదీ చేయలేదు. పదవిలో, పంచాయితీల్లో, ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళలో మునిగిపోయి, అసలిది నా దగ్గర లేనట్టే నడిచాను. కానీ వాన పట్టిందంటే చాలు, రేకుల మీద చప్పుడు మొదలవగానే కంచం ముందు నుంచి లేచిపోతాను. అన్నం సయించదు. మా ఆవిడ గ్యాస్ అనుకుని మాత్ర ఇస్తుంది. వేసుకుంటాను.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దోవలో బస్సు దిగి కొంతదూరం లోపలికి నడవాలి, అంతవరకు చాలు. పేరు దాచుకుని చెప్పేది ఒప్పుకోలు ఎట్లా అవుతుందని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడనీ. నన్ను గుర్తుపట్టే వాళ్ళు లేనిచోట పడనీ అనుకున్నాను. నా ధైర్యం అంతవరకే.

మాది నీళ్ళకు మొహం వాచిన ఊరు. మా చెరువు నిండగా చూసింది నా చిన్నప్పుడే. తర్వాత దాని కడుపులో తుమ్మచెట్లు లేచాయి, పిల్లలు క్రికెట్ ఆడారు. మా నాయన బోర్ల మీద బోర్లు వేయించి, ప్రతిదాంట్లోనూ నీళ్ళకు బదులు రాతిపొడి లేవడం చూసి చూసి పోయాడు. అట్లాంటి ఊరి మీదికి తుఫాను వస్తే ఏమవుతుందో మీకు తెలుసో లేదో. టీవీలో జాగ్రత్త, జాగ్రత్త అని మొత్తుకుంటుంటే మేము కట్టమీద నిలబడి ఈలలు వేశాం. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా తెచ్చి నీళ్ళలో వేశారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెరువు నిండాక మిగిలిన నీళ్ళు పొర్లిపోవడానికి కట్ట చివర రాతిగోడ ఉంటుంది. దాన్ని మేము కలుజు అంటాం. దాని మీదుగా దూకిన నీళ్ళు వాగులో కలిసి పోతాయి. అంతటి నీళ్ళు కళ్ళముందు పోతుంటే మా ప్రాణం ఒప్పలేదు. ఇంకొంచెం నిలబెడితే రెండో పంటకు అందుతుంది కదా! యూరియా సంచుల్లో మట్టి నింపి కలుజు మీద వరసగా పేర్చాం. ఆలోచన నాది. చేతులు మాత్రం ఆయకట్టు రైతులందరివీ. అందుకే సంచుల గురించి ఒక్కణ్ణే దోషినని చెప్పుకోను. మర్నాడు ఆకాశం చూసి మా వాళ్ళే కొందరు తీసేద్దామన్నారు. సాయంత్రం దాకా చూద్దామన్నది నేను.

కట్ట కింద, పల్లంలో, క్రిస్టియన్ కాలనీ ఉంది. అక్కడ రూతమ్మ అనే ఆమె ఉంటుంది. మా అమ్మ ఈడుది. మా పొలంలో నాట్లు వేసింది, నన్ను ఎత్తుకుని తిప్పింది కూడా. ఆ మధ్యాహ్నం ఆమె తలమీద ఖాళీ సంచి కప్పుకుని, వానలో కట్ట ఎక్కి నా దగ్గరికి వచ్చింది. మేము నిలబడిన చోటి నుంచి కలుజు కనపడదు, కట్ట మలుపు తిరిగి పోవాలి.

"నాయనా, ఆ సంచులు తీసేసినారా?" అని అడిగింది.

"తీసేసినాం పో రూతమ్మా."

"నిజంగానేనా? పాస్టరుగారు అందరినీ మిట్టమీద చర్చికి వచ్చేయమంటా ఉండాడు. ముసలోళ్ళు, మేకలు, ఈ వానలో ఎట్టా పోయేదని ఎవురూ కదల్లా. కలుజు సాఫీగా పోతా ఉంటే మాకేం భయం? అందుకే నిన్ను అడిగిపోదామని వచ్చినాను."

"బాగా పోతా ఉండాది. ఏం గాదు. ఎక్కడోళ్ళు అక్కడుండండి."

"నీ నోటితో చెప్పినావు, అది చాలు," అని ఆమె దిగిపోయింది.

ఎందుకు చెప్పాను? ఈ ప్రశ్న దగ్గర ఇప్పటికీ నేను తడబడతాను. వాళ్ళు చర్చికి పోతే పాస్టరు మండలాఫీసుకు ఫోన్ చేస్తాడు, జీపు వస్తుంది, వచ్చినవాళ్ళు చేసే మొదటిపని సంచులు పీకి పారేయడం. నా చెరువు, నా చిన్నప్పటి చెరువు, నా కళ్ళముందే దిగిపోతుంది. అది ఒక కారణం. ఇంకొకటి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆమె అడిగితే అంత సేపు నిలబడి జవాబు చెప్పాలని నాకు అనిపించలేదు. అడిగింది మా పొలంలో కూలి చేసే మనిషి. ఏదో ఒకటి చెప్పి పంపించాను.

సాయంత్రం తీసేద్దామనే అనుకున్నాను, ఇది మాత్రం నమ్మండి. పోయాను కూడా. అప్పటికి వాన పెద్దదై, కలుజు మీద కాలు పెట్టే వీలు లేకుండా సంచులమీదుగా నీళ్ళు దూకుతున్నాయి. భయపడ్డాను. తిరిగి వచ్చేశాను. వచ్చే దారిలో కాలనీ దీపాలు కనిపించాయి. దిగి చెప్పవచ్చు. జేబులో ఫోను ఉంది, పాస్టరు నంబరూ ఉంది. చెప్పాలంటే ముందు మధ్యాహ్నం అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. ఆ ఒక్క మాట నోట రాక ఇంటికి పోయి, తలుపు వేసుకుని, తుఫాను ఎటు పోతుందో టీవీలో చూశాను.

తెల్లవారుజామున కట్టకు గండి పడింది. కాలనీలో మట్టిగోడలు కూలాయి. రూతమ్మ చెల్లెలు మార్తమ్మ, ఆమె భర్త యేసోబు పక్కింట్లోనే ఉండేవాళ్ళు. గోడ యేసోబు మీద పడి అక్కడే ప్రాణం పోయింది. ఆయన ఉదయగిరిలో కొయ్యగరిటెలు చెక్కే పనికి పోయేవాడు. మా వంటింట్లో ఆయన చెక్కిన గరిటె ఇప్పటికీ ఉంది.

మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి, రాజకీయం వచ్చింది. అప్పుడు మాది ప్రతిపక్షం. కట్ట మరమ్మతు చేసిన కాంట్రాక్టరు అధికార పార్టీ మనిషి. పని నాసిరకంగా చేశాడని ఊరందరికీ తెలుసు. ఆయన నాకు దేవుడు పంపినట్టు దొరికాడు. ప్రకృతి కోపిస్తే ప్రభుత్వం ఏం చేస్తుందని వాళ్ళు, కట్ట సొమ్ము మింగారని మేము. ఇంత వాన తాతల నాడు కూడా ఎరగమని వాళ్ళు, కట్ట మంచిదైతే ఎంత వానైనా ఆగేదని మేము. అందరి ఫోన్లలోనూ ఒకే గండి ఫొటో తిరిగింది, కింద రాతలు మాత్రం రెండు రకాలు. టీ కొట్టు దగ్గర రెండు పార్టీల వాళ్ళూ చొక్కాలు పట్టుకుంటుంటే, కాలనీవాళ్ళు చర్చి ప్రహరీ మీద తడిసిన బొంతలు ఆరేసుకుంటున్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు.

అవతలి పార్టీ కుర్రాడొకడు మాత్రం అడిగాడు, కలుజు మీద సంచులేసింది ఎవరని. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. నేను నోరెత్తేలోపే మా వాళ్ళు లేచి, మునిగినోళ్ళ మీద రాజకీయం చేస్తారా అని వాణ్ణి కొట్టినంత పని చేశారు. సంచులు ఎప్పుడో వరదలో కొట్టుకుపోయాయి.

ఆ రోజే రూతమ్మ దగ్గరికి పోయాను. పరామర్శకు వచ్చానని అనుకుంది. సంచుల మాట ఎవరి దగ్గరా ఎత్తవద్దని చెప్పాను. తీసేసినా సరే, అసలు వేసిందే తప్పని వంక పెట్టి మీకు రావాల్సిన పరిహారం ఆపేస్తారని నమ్మించాను. ఆమె తల ఊపింది. తర్వాత ఆత్మకూరులో పెద్ద ధర్నా చేశాం. ఆమెను నా పక్కన నిలబెట్టుకుని, భుజం పట్టుకుని మాట్లాడాను. ఆమె ఏడుస్తూనే ఉంది. జనం కూడా ఏడ్చారు. మైకు ఆమెకు ఇవ్వమని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇవ్వలేదు. ఆ మరుసటి ఎన్నికల్లో సర్పంచినయ్యాను. కాలనీ ఓట్లు దాదాపు అన్నీ నాకే పడ్డాయి.

కాంట్రాక్టరు దొంగపని చేసిన మాట నిజమే కదా, మరి నేను చెప్పింది అబద్ధమెట్లా అవుతుంది? ఈ వాదన నాకు నేనే ఎన్నిసార్లు వినిపించుకున్నానో చెప్పలేను. గెలుస్తాను కూడా. వాదించేదీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే అయితే గెలవక ఏం చేస్తాను?

మార్తమ్మ గండి పడిననాటి నుంచి అక్కతో మాట్లాడదు. ఏం కాదని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది రూతమ్మే. ఆమె మాట విని అందరూ ఉండిపోయారు. వానలో కట్ట ఎక్కే ఓపికలేక, ఎవరినీ అడగకుండానే వచ్చి చెప్పిందని మార్తమ్మ అనుకుంటుంది. కాలనీలో మిగతావాళ్ళూ అట్లాగే అనుకున్నారు. రూతమ్మ ఒక్కసారి నా పేరు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఎత్తవద్దని నేను అడిగాను కదా. చర్చిలో అక్క ముందు వరుసలో కూర్చుంటే చెల్లెలు గుమ్మం దగ్గర కూర్చుంటుందని పాస్టరు ఒకసారి మాటల్లో చెప్పాడు. విని మాట మార్చాను.

పోయిన నెల మళ్ళీ వాన పట్టింది. ఈసారి నేనే మైకులో చెప్పించి కాలనీని చర్చికి పంపించాను. కట్టకేమీ కాలేదు. నీళ్ళు తగ్గాక రూతమ్మ మా ఇంటికి వచ్చింది. బాగా వంగిపోయింది. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. చర్చిలో చెల్లెలి పక్కనే చాప పరుచుకుందట. మార్తమ్మ లేచి చాప తీసుకుని ఇంకో మూలకు పోయిందట.

"నాయనా, ఒక్క సాయం చెయ్యి. ఆ పొద్దు నేను కట్టమీదికి వచ్చినానని, నిన్ను అడిగినానని మా చెల్లెలికి చెప్పు. అంతే. ఇంకేం చెప్పబాకు. నువ్వు పెద్దోడివి, నీ మాటైతే నమ్మద్ది," అంది.

ఆమె ఇప్పటికీ నేను సంచులు తీశాననే నమ్ముతోంది. నన్ను నిజం చెప్పమని కూడా అడగలేదు. సగం నిజం అడిగింది. అది చెబితే మార్తమ్మ మిగతా సగం అడుగుతుంది. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, చూసిందెవరు అని.

"ఎప్పటి మాటో అది. నాకు గుర్తు లేదు రూతమ్మా," అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. "సరేలే నాయనా, నీకు ఎన్ని పనులో," అని కర్ర పట్టుకుని పోయింది. ఆ చూపులో ఆమెకు ఏమైనా తెలిసిందా? తెలిసే ఉంటుందా? అప్పటి నుంచి నిద్ర పట్టక ఇది మొదలుపెట్టాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతున్న మాట నిజం. అందుకు కూడా సిగ్గుగానే ఉంది. రేపు మార్తమ్మ ఇంటికి పోతానా? పోతానని రాసి కొట్టేశాను. ఇక్కడ ఇంకో అబద్ధం వద్దు.

నాకు గుర్తుంది. రూతమ్మ ఆ రోజు వానలో కట్ట ఎక్కి వచ్చింది. ఒకటికి రెండుసార్లు అడిగింది. సంచులు తీసేశామని నేను చెప్పాను. తీయలేదు.