గుండె ఎవరిది?

ఛాతీ మీద చల్లని జెల్లీ రాసి, చేతులకూ కాళ్లకూ క్లిప్పులు తగిలించి, ఈసీజీ తీసే అమ్మాయి "కదలొద్దు అంకుల్" అంది. యంత్రం గరగరమంటూ గులాబీ గళ్ల కాగితాన్ని బయటికి తోసింది. దాన్ని చింపి తన సొంత ఫోనుతో ఫోటో తీయబోయింది. "ఎవరికమ్మా?" అన్నాను పడుకునే. "డాక్టరు గారికండి. మా సెంటరు గ్రూపులో పెడితే చూసుకుంటారు." "గ్రూపులో ఇంకెవరుంటారు?" ఆమె నవ్వింది. "అందరూ మనవాళ్లేనండి." ఒకప్పుడు ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. దాన్ని నా నోట్లోంచి వేర్లతో సహా పీకేసిన మనిషి సరోజిని గారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గుంటూరులోని ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రిలో నేను కంప్యూటర్ ఆపరేటరుని. రికార్డుల విభాగానికి ఆమె పెద్ద. ఇరవై ఏళ్లు నర్సుగా చేసి, యాభయ్యో పడికి దగ్గరవుతూ కంప్యూటరు నేర్చుకుంది. నేత చీర, చేతికి మగవాళ్ల వాచీ, గది బయటిదాకా వినిపించే గొంతు. గుండె రోగుల రికార్డులను ఒంగోలు, కనిగిరి ఆసుపత్రులకు టెలిఫోన్ లైను మీద పంపే పద్ధతిని నిలబెట్టింది ఆమే. అంతకుముందు రోగి తన ఫైలును ప్లాస్టిక్ సంచిలో మోసుకు తిరిగేవాడు. సరిగ్గా అవసరమైన రోజున ఆ సంచి ఇంట్లో ఉండేది. మేం పంపే ప్రతి రికార్డుకూ కంప్యూటరులో తాళం వేసేవాళ్లం. దారిలో ఎవరి చేతికి చిక్కినా అర్థం లేని అక్షరాలే కనిపిస్తాయి. తాళం తీసే మాటను అవతలి డాక్టరుకు మాత్రమే, గొంతు గుర్తుపట్టాక, ఫోనులో చెప్పాలి. వీటన్నిటి కంటే ముందు రోగి ఒప్పుకోవాలి. ఈ చివరి నియమానికే ఆసుపత్రంతా నవ్వేది.

ఆమె మాత్రం ఇంటికి వెళ్లే ప్రతి రోగి మంచం దగ్గరా కూర్చుని అడిగేది. కనిగిరి వైపు నుంచి వచ్చి గుండెలో కొత్త కవాటం వేయించుకున్న కూలి మనిషి ఆదెమ్మ జవాబు నాకింకా గుర్తుంది. "నన్నడుగుతారేంటమ్మా? మా ఆయన బయట బెంచీ మీదున్నాడు, ఆయన్నడగండి."

"గుండె ఎవరిది?"

"నాదే."

"మరి నువ్వే చెప్పాలి. నీ కాగితాలు కనిగిరి డాక్టరు చూడొచ్చా?"

ఆదెమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆమెను ఏదైనా అడిగి జవాబు కోసం ఆగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరేమో. చివరికి "చూడనీండి" అంది. కొన్ని నెలలకు ఆమె మిరప చేలో పడిపోతే కనిగిరి తీసుకెళ్లారు. నొప్పికి సూది వేయబోయిన డాక్టరు ముందు మాకు ఫోను చేశాడు. రికార్డు తెరిచి, ఆమె రక్తం పలచబడే మాత్రల మీద ఉందని చూసి, సూది పక్కన పెట్టాడు. ఆ సూది పడి ఉంటే లోపల రక్తం ఆగేది కాదట. ఆదెమ్మ బతికింది. ఊళ్లో మొక్కులు చెల్లించారు. సరోజిని గారు విని "చెల్లించుకోనీ, మనం మాత్రం మోడెమ్ బాగుచేయిద్దాం" అంది.

ఇక నా సంగతి. దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో మా బాబాయి పని చేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం వచ్చాడు. "ఏరా శేషూ, మా ఫిట్టరు నాగేశ్వరరావు మీ దగ్గర చూపించుకున్నాడంటగా. ఏంటట వాడికి?" మా జిల్లాల్లో 'మనవాడు' అనే మాట దేవుడి కంటే మహిమ గలది. దేవుడు వరమివ్వడానికి తపస్సయినా అడుగుతాడు, మనవాడు కాఫీతో సరిపెట్టుకుంటాడు. నేను కాఫీ తెప్పించి, రికార్డు తెరిచి చూపించాను.

నెల తిరక్కుండా నాగేశ్వరరావు మా కిటికీ ముందు నిలబడ్డాడు. "గుండె జబ్బోడివి, పనికిరావంటన్నారు బాబూ. ఇంట్లో తప్ప నేనెవరికీ చెప్పలేదు. వాళ్లకెట్టా తెలిసింది?" ఫ్యాక్టరీ అప్పుడు పర్మినెంటు కార్మికులను తగ్గించుకోవడానికి సాకులు వెతుకుతోంది. అతను నిక్షేపంగా పని చేసుకోవచ్చని మా డాక్టరే రాశాడు. మా బాబాయికి ఆ పేజీ అక్కర్లేకపోయింది.

సరోజిని గారు నన్ను లోపలికి పిలిచింది. "తాళం పగిలిందా, నువ్వు తీశావా?"

"మా బాబాయేనండి... మనవాడే కదా అని."

"మరి నాగేశ్వరరావు ఎవరివాడు?"

ఆమె కిటికీ వైపు వేలు చూపింది. "వెళ్లి అతని మొహం చూసి చెప్పు. చెప్పాక కాగితం మీద రాయి" అంది. చెప్పాను. నాగేశ్వరరావు తిట్టలేదు. "నిన్ను చూసే గదయ్యా నా పేరు, ఊరు చెప్పింది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆసుపత్రి యజమాని మా ఇద్దరినీ పిలిపించాడు. "ఆ ఫ్యాక్టరీ నుంచి మనకు ఎంతమంది వస్తారో తెలుసుగా, సరోజిని గారూ. సిస్టమ్‌లో ఏదో లోపమని రాసేయండి, అయిపోద్ది."

"లోపం సిస్టమ్‌లో లేదండి. మనిషిలో ఉంది, అతను ఒప్పుకున్నాడు. ఈరోజు యంత్రం మీద అబద్ధం రాస్తే రేపు కనిగిరి డాక్టరు దాన్ని నమ్మడు. అప్పుడు ఇంకో ఆదెమ్మకు సూది పడుద్ది. రాయను."

"మీ ఉద్యోగం గురించి ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చానండి."

ఆమె సంతకంతో నా ఒప్పుకోలు లేబర్ ఆఫీసుకు వెళ్లింది. దాన్ని పట్టుకుని పోరాడి నాగేశ్వరరావు ఏడాదికి మళ్లీ పనిలో చేరాడు. నా ఉద్యోగం ఊడింది, న్యాయంగానే. "సొంత రక్తం కంటే ఆ ఫిట్టరు ఎక్కువయ్యాడట్రా నీకు?" అని బాబాయి మాటలు మానేశాడు. అవునన్నాను. అవును కాబట్టే అన్నాను. సరోజిని గారిని మందుల కౌంటరుకు మార్చారు. అవమానించి పంపేద్దామని వాళ్ల ఎత్తు. ఆమె రిటైరయ్యేదాకా అక్కడే కూర్చుంది. వరుసలో వెనకవాడికి కనిపించకుండా ప్రతి మందుల చీటీనీ తిరగేసి ఇచ్చేది. పాపపుణ్యాల లెక్క చెప్పి నీతి నేర్పేవాళ్లను చాలామందిని చూశాను, హేతువాదిగా వాళ్లతో వేదికల మీద వాదించాను. ఏ స్వర్గమూ ఆశించకుండా ఒక చీటీని తిరగేసిన చేతికి సాటి వచ్చేది వాళ్లలో ఒక్కరి దగ్గరా కనిపించలేదు.

"అంకుల్, పంపేయనా?" అమ్మాయి ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"గుండె ఎవరిదమ్మా?"

వింతగా చూసింది. "మీదేనండి."

"మరి నన్నడుగు."

ఆమె ఫోను దించింది. నెమ్మదిగా, "డాక్టరు గారికి ఒక్కరికే పంపొచ్చా అండి?" అంది.

"పంపు" అన్నాను.