బీరువా వెనక నీటి గీత

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. వాగు నీళ్లు మా మేనత్త ఇంట్లోకి వచ్చి పోయిన మూడో రోజున ఇన్సూరెన్సు సర్వేయరు ఫోన్ చేస్తే, ఎత్తింది నేను. ఆయన చెప్పినదంతా విన్నదీ నేనే. విని, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నదీ నేనే. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను గాని, డైరీకి చెప్పుకోవడం చెప్పడం కిందికి రాదని నాకూ తెలుసు.

ఇవాళ క్రోసూరులో బ్యాంకు బెంచీ మీద నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. ఒళ్లో అత్త ఇంటి పాలసీ కాగితాలున్నాయి. ఏటా వానలకు ముందే రెన్యూవల్ చేయించాలి. అత్తకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఈసారి నన్ను పంపింది. ఫారంలో ఒకచోట, ఇంతకుముందు వరద నష్టం జరిగిందా, జరిగితే ఏయే గదులకు అని అడిగారు. అక్కడికొచ్చి నా పెన్ను ఆగింది.

అత్త బడిలో టీచరుగా చేసింది. మామయ్య పోయాక, లోను పెట్టి, వాగు పక్కన స్థలం కొని మూడు గదుల ఇల్లు కట్టుకుంది. వాగంటే పెద్దగా ఊహించుకోవద్దు. పది నెలలు ఇసుక, రెండు నెలలు మోకాలి లోతు నీళ్లు. గేదెలకు కూడా దానిమీద అంత గౌరవం ఉండేది కాదు. అందుకే లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు ఇంటికి పాలసీ తీసుకోవాలని పట్టుబడితే వీధి వీధంతా నవ్వింది. పక్కింటాయన్ని మేమందరం పెదనాన్న అనేవాళ్లం. ఆయన అరుగు మీద కూర్చుని, "తాగటానికి ట్యాంకరు కోసం కొట్టుకు చస్తన్నాం. మునిగేదానికి ఇన్సూరెన్సు అంట! ఇట్టయితే రెంటచింతలోళ్లని ఎండకి కట్టమను పాలసీ," అన్నాడు. అత్త కూడా నవ్వింది. నవ్వి, కాగితాలను ప్లాస్టిక్ కవరులో పెట్టి, బైబిలు పక్కనే దాచింది. ఏ కాగితమైనా పారేసే మనిషి కాదు.

అత్త గురించి చెప్పాల్సిన ఇంకో విషయం ఆవిడ శుభ్రత. పాస్టరుగారు ప్రార్థనకు వచ్చినా సరే, కాళ్లు కడుక్కోనిదే గడప దాటనిచ్చేది కాదు. నేల మీద అన్నం మెతుకు కనిపిస్తే అది ఎవరి కంచంలోదో విచారణ జరిగేది. డిగ్రీ చదివేటప్పుడు సెలవులకు నాదెండ్ల నుంచి అక్కడికి వెళ్లేదాన్ని. నేను చదివే నవలలు బీరువాకూ గోడకూ మధ్య సందులో దాచుకునేదాన్ని. ఆ ఇంట్లో అత్త చీపురు వెళ్లని చోటు అదొక్కటే. ఆ ఇనప బీరువా అంత బరువు.

ఆ ఏడు నేను అక్కడున్నప్పుడే రెండు రోజులు వదలకుండా వాన కురిసింది. తెల్లవారేసరికి వాగు వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చింది. మేం బడి మేడ మీదకు వెళ్లి కూర్చున్నాం. మర్నాడు తిరిగొచ్చి తలుపు తీస్తే, నడుం ఎత్తున గోడల చుట్టూ ఒక గోధుమరంగు గీత. ఎవరో తాడు పట్టి గీసినంత సమంగా ఉంది. నేల మీద జానెడు ఒండ్రు. వంటింటి వెనక గోడ నిలువునా పగిలి, ఆ పగుల్లోంచి పెరట్లో జామచెట్టు కనిపించింది. పెదనాన్న కొడుకు ఫోన్ పైకెత్తాడో లేదో, అత్త కసిరింది: "లోపల ఫొటోలు తీశావంటే చూడు. నా ఇల్లు ఈ గతిలో ఊరంతా స్టేటసుల్లో పెట్టుకు తిరగాలా?" అందువల్ల వీధిలో నీళ్ల ఫొటోలు బోలెడన్ని ఉన్నాయి. ఇంటి లోపలివి ఒక్కటీ లేవు. ఆ సాయంత్రమే అత్త బ్యాంకుకు ఫోన్ చేస్తే, నష్టం చూడటానికి ఆఫీసరు వస్తాడన్నారు.

మూడో రోజు పొద్దున్నే చర్చి సంఘం ఆడవాళ్లు ఎనిమిది మంది చీపుళ్లూ బొక్కెనలూ పట్టుకుని వచ్చారు. మా సంఘంలో అదొక అలవాటు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు ఇల్లు కడుగుతారు, తర్వాత ప్రార్థన చేస్తారు, ఆ తర్వాతే ఏడుస్తారు. అప్పుడే అత్త ఫోన్ మోగింది. "సర్వేయర్నండీ. రేపో ఎల్లుండో వస్తాను. నేను చూసేదాకా గోడలు కడగొద్దు, పగుళ్లు పూడ్చొద్దు. ఎట్లా ఉన్నవి అట్లాగే ఉంచమని మేడంగారికి చెప్పండి." నేను "ఆ... ఆ..." అన్నాను.

బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఎనిమిది మంది గొంతులు, మధ్యలో బడిగంట లాంటి అత్త గొంతు. "అత్తా" అన్నాను. నా మాట నాకే వినపడలేదు. ఒకావిడ, "ఆఫీసరు వస్తన్నాడంటగా టీచరమ్మా, బురదలో కూచోబెడతామా ఏంది?" అంది. "అదే గదా నా బాధ," అని అత్త నావైపు తిరిగి, "ఏమే, బొమ్మలాగా చూస్తన్నావేందే? బొక్కెన పట్టు!" అంది. పట్టాను. ఈ గోడ అయ్యాక చెబుదామనుకున్నాను. ఆ గోడ అయ్యాక, అంతా కడిగేశాక ఇంకేం చెబుతాం అనుకున్నాను. వంటింటి గోడ మీద నీళ్లు కొట్టింది నేనే. మధ్యాహ్నానికి పెదనాన్న సిమెంటు తెచ్చి పగులు పూడ్చాడు. మర్నాడు సున్నం వేశారు. గోడలు ఇంకా ఆరలేదు, అక్కడక్కడా బూడిదరంగులో ఉన్నాయి. అయినా ఇల్లు పెళ్లివారికి విడిదిల్లులా తయారైంది.

సర్వేయరు వచ్చాడు. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి, మధ్యగదిలో నిలబడి చుట్టూ చూశాడు. "మేడం, ఎంత ఎత్తు నీళ్లొచ్చాయని రాయమంటారు? ఏం చూసి రాయను?" అన్నాడు. కోపం లేదు, విసుగే. "ఏమీ కదిలించొద్దని ఫోన్ చేసి మరీ చెప్పాను గదండీ. ఎవరో ఆడపిల్ల ఎత్తింది."

అత్త నావైపు చూసింది. తర్వాత ఆయనవైపు తిరిగి, "పిల్ల చెప్పిందండీ. పెద్దదాన్ని, నేనే మర్చిపోయా," అంది.

జీవితంలో అబద్ధం ఆడని మనిషి అని నేను చెప్పను. బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడల్లా కొన్ని ఆడేది. కానీ మరుపు తనకుందని ఒప్పుకోవడం అత్తకు అబద్ధం కన్నా కష్టం. ఆ మాట విన్నాక నాకు ఎక్కడినుంచి గొంతు వచ్చిందో తెలియదు. "సార్, బీరువా వెనక చూడండి," అన్నాను. అందరూ నావైపు తిరిగారు. "అక్కడ సున్నం వెయ్యలేదు. కడగలేదు కూడా."

నలుగురు పట్టి బీరువాను జరిపారు. తెల్లటి గోడ మధ్యలో, బీరువా ఆకారంలో, పాత గోడ అట్లాగే ఉంది. నడుం ఎత్తున గోధుమరంగు గీత. దాని కింద తడిసి ఉబ్బిన నా నవలలు నాలుగు. సర్వేయరు టేపు పెట్టి కొలిచాడు, ఫొటోలు తీసుకున్నాడు. అత్త నవలల వైపు చూసి, వాటిని తీసి కిటికీలో ఆరబెట్టింది. పెదనాన్న, "పిల్లకి నోరుందిరోయ్!" అన్నాడు.

మిగతా గదులకు నష్టపరిహారం వచ్చింది. వంటింటికి రాలేదు. పగులు వరద వల్లే పడిందని చెప్పడానికి కొత్త సిమెంటు తప్ప అక్కడేమీ లేదన్నారు. పూడ్చిన పగులు నిలవలేదు. ఆ గోడ మళ్లీ కట్టించేదాకా, దాదాపు రెండేళ్లు, అత్త వరండాలో పొయ్యి పెట్టుకుని వండింది. ఈదురుగాలికి పొయ్యి చుట్టూ రేకులు అడ్డం పెట్టేది. నేను వెళ్లినప్పుడల్లా ఆ పొగలో కూర్చుని తిన్నాను. ఫోన్ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మరిచిపోయిందేమో అనుకున్న రోజులున్నాయి. క్షమించడానికి కూడా తీరిక లేక వదిలేసిందేమో అనుకున్న రోజులూ ఉన్నాయి.

ఫారంలో 'మూడు గదులు' అని రాసి, పక్కన 'వంటింటితో సహా' అని చేర్చాను. నీళ్లు ఒక్క రోజులో దిగిపోతాయి. ఆ రోజు చెప్పని మాట మాత్రం ఇన్నేళ్లయినా ఇంకా పూర్తిగా దిగలేదు. ఇవాళ పొద్దున గేటు దగ్గర చెప్పులేసుకుంటుంటే అత్త లోపల్నించి కుంటుకుంటూ వచ్చి, నా చేతిలోని కవరు మూతి సరిచేసి అంది: "బ్యాంకాయన ఏం చెప్పినా ఇంటికొచ్చి నాకు చెప్పు. దారిలో మింగేసి రామాకే."