తల ఎత్తని డాక్టరు

నా చిన్నప్పుడు బర్మాలో, దలాలో ఉండే మాలాంటి పేద తెలుగువాళ్ళకు జబ్బు చేస్తే పడవెక్కి నది దాటి, యాంగోన్‌లోని సర్కారు ఆసుపత్రికి పోవడమే దారి. అక్కడి డాక్టరు సాయంత్రాలు సొంత క్లినిక్కులో డబ్బున్నవాళ్ళకు నవ్వుతూ నాడి చూసేవాడు. పొద్దున మాకు మాత్రం ఆయన నడినెత్తి ఒక్కటే కనబడేది.

మా చెల్లికి అప్పుడు అయిదేళ్ళు. వారం రోజులుగా జ్వరం, తిన్నది నిలవడం లేదు. అమ్మ రెండుసార్లు తీసుకెళ్ళింది. రెండుసార్లూ ఆయన "జ్వరమా?" అని బల్లమీది కాగితాన్ని అడిగి, అవే తెల్లమాత్రలు రాశాడు. ఒళ్ళు పచ్చబడుతోందని అమ్మ చెప్పబోతే చెయ్యి ఊపి పొమ్మన్నాడు. అమ్మ చేసిన తప్పూ ఒకటుంది. మురికివాళ్ళని చీదరించుకుంటారేమోనని, తనకా అనే చెట్టు చెక్క అరగదీసి ఆ గంధం చెల్లి మొహమంతా దట్టంగా పూసింది. ఈ ఊళ్ళో ఆడపిల్ల ఆ పూత లేకుండా గడప దాటదు. కింద ఏముందో చూడాలంటే తడిగుడ్డ చాలు. తల ఎత్తడానికే బద్ధకించేవాడికి అంత ఓపిక ఎక్కడిది!

మూడోసారి మా మామ్మ చెల్లిని ఎత్తుకుని బయల్దేరింది. ఏ జబ్బూ లేక గుండ్రాయిలా ఉన్న తొమ్మిదేళ్ళ నాకూ బుగ్గలనిండా పూసి వెంట తీసుకెళ్ళింది. ఎందుకో చెప్పలేదు. మా వంతు రాగానే చెల్లి చీటీ నా చేతికిచ్చి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. నేను జామకాయ నములుతున్నాను. ఆ కరకర నాకే వినబడి సిగ్గేసింది. ఆయన "జ్వరమా?" అన్నాడు, తెల్లమాత్రలు రాశాడు, తరవాతి చీటీ కోసం చెయ్యి చాపాడు.

మామ్మ నన్ను దించేసి, చెల్లిని ఒళ్ళో పెట్టుకుని తానే ఆ స్టూలు మీద కూర్చుంది. డాక్టరుని గౌరవంగా సయా అనే పిలిచింది. వచ్చీరాని బర్మాలో ఆవిడ అన్నదాన్ని మా మాటలో చెబుతాను.

"సయా, ఇప్పుడు నువ్ మందు రాసిన గుంటకి జొరం నేదు. జాంకాయ తింతంది. జొరమున్న గుంట ఇది. మొకం సూసి సెప్పు, దీనికేటయిందో."

నర్సు లెమ్మని కసిరింది. వెనక వరస గొణిగింది. మామ్మ కదలకుండా కొంగు తడిపి చెల్లి మొహం తుడిచింది. పూత పోయాక, కళ్ళలాగే మొహమూ పసుపు పచ్చగా తేలింది.

ఆయన తల ఎత్తాడు. వెంటనే చెల్లిని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసి, అప్పటికప్పుడు మంచం ఇప్పించాడు. అంటే వైద్యం రాక కాదన్నమాట! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే. పైగా "ఇంతదాకా ఎందుకు ముదరబెట్టారు?" అని మమ్మల్నే తిట్టాడు. చెల్లి బతికింది గానీ, తప్పంతా తనదేనని అమ్మ పోయేదాకా అనుకుంది. తన తప్పని ఆయన ఎప్పుడైనా అనుకున్నాడో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. మొన్న పక్కింటి ముసలాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తే, కుర్ర డాక్టరు ఫోను చూసుకుంటూ మందు రాసి కాగితం అందించాడు. ముసలాయన దండం పెట్టి లేవబోయాడు. నేను భుజం పట్టి కూర్చోబెట్టాను.

"ఆగండి సయా," అన్నాను, "ఇంకా ఈయన్ని మీరు చూడలేదు."