నాయిన గొంతుకు కలిపిన గిటార్

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా నాయిన గిటార్ తెచ్చాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. కల్వకుర్తి దగ్గర మా ఊరి చర్చిలో అప్పటిదాకా పాటలకు డప్పూ తాళాలే తోడు. నాయిన హైదరాబాద్‌లో తాపీపనికి పోయినచోట ఒక ఇంటాయన సామాను ఖాళీ చేస్తూ పాత గిటార్‌ను ఇచ్చేశాడు. దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు నాయిన.

ఆ ఇంటాయన చూపించిన నాలుగైదు కార్డులతోనే, అంటే తీగల మీద వేళ్ల పట్లతోనే, పాటలన్నీ లాగించేవాడు. శ్రుతి చేయడానికి ఆయన పద్ధతి ఆయనది. ఆదివారం పొద్దున్నే చాయ్ తాగి, గొంతు సవరించుకుని, సుఖంగా పలికే అడుగు స్వరం ఒకటి తీసేవాడు. లావు తీగను దానికి కలిపి, మిగతా వాటిని దాన్నిబట్టి బిగించేవాడు. నాయినది బొంగురు గొంతు. అందుకే ఆ గిటార్ ఎప్పుడూ ఉండవలసినదానికంటే కిందే ఉండేది. తీగలు వేళ్లకు మెత్తగా తగిలేవి. మోత గట్టిగా ఉండేది కాదు గానీ, చర్చి రేకుల కప్పు కింద కూడా చెవికి కటువు అనిపించేది కాదు.

"జర గుంజు నాయినా, తీగలు లూజుగున్నయి," అంటే నవ్వేవాడు. "అది నా గొంతు ఎంబడి రావాలె గని, నేను దాని ఎంబడి వోతనా బిడ్డా."

నేను ఇంటర్‌లో ఉండగా క్రిస్మస్‌కు పట్నం నుంచి కీబోర్డు వాయించే ఒకాయన వచ్చాడు. మొదటి పాట ఎత్తుకోగానే రెండూ రెండు దార్లు పట్టాయి. ఆయన చెయ్యెత్తి పాట ఆపించాడు. "అన్నా, మీ గిటార్ శ్రుతిలో లేదు. పక్కన పెట్టండి," అన్నాడు, మైకులోనే. నాయిన గిటార్‌ను గోడకు ఆనించి, చివరిదాకా చేతులు కట్టుకుని పాడాడు. ఆ తర్వాత చర్చిలో గిటార్ ముట్టుకోలేదు. నాకు మాత్రం ఆ కీబోర్డు ఆయన మీద కాదు, నాయిన మీద కోపం వచ్చింది. అందరిలాగా సరిగ్గా శ్రుతి చేసుకుంటే ఏం పోయింది అనుకున్నాను.

నర్సింగ్ అయిపోయి షాద్‌నగర్ దవాఖానలో ఉద్యోగం వచ్చినప్పుడు, "ఈడ ఉత్తగనే ఉంటాంది, తీస్కపో," అని నాయిన గిటార్ నా చేతికిచ్చాడు. కిరాయి గదికి చేరిన రోజే ఫోన్ చూసుకుంటూ అసలు శ్రుతికి బిగించాను. తీగలు రెండు రోజుల్లో దిగేవి, మళ్లీ ఎక్కించేదాన్ని. శబ్దం గంట కొట్టినట్టు ఖంగుమనేది. నాయిన చేయలేనిది నేను చేశానని లోపల గర్వం. డ్యూటీ ఎక్కువై నెలల తరబడి ముట్టకపోయినా తీగలు వదులు చేయలేదు. నాది మేడమీది గది, ఎండాకాలంలో పొయ్యిలా ఉండేది.

రెండో ఎండాకాలం దాటేసరికి గిటార్ పొట్ట ఉబ్బింది. తీగలు పైకి లేచి, అదిమితే వేళ్లు మండేవి. ఆ ఖంగుమనే మోత పోయి, గొంతు నొక్కిపెట్టినట్టు పలికేది. తీగలు కట్టే చెక్కపట్టీ వెనకవైపు వెంట్రుక మందాన ఊడివచ్చింది.

హైదరాబాద్‌లో బాగుచేసే దుకాణానికి నాయిన కూడా వచ్చాడు. దుకాణం ముసలాయన ఉబ్బు మీద స్కేలు నిలబెట్టి చూశాడు. ఎలా వాడారని అడిగితే మొత్తం చెప్పాను. నాయినదే తప్పంటాడని నా నమ్మకం.

"మీ నాయిన ఉంచినట్టు ఉంచితే దీనికేం కాకపోవు," అన్నాడాయన. "పాత చెక్క తల్లీ. ఏండ్లకేండ్లు వదులు తీగలకు అలవాటు పడ్డది. నువ్వు ఒక్కపారి పైకి గుంజి, ఆడనే ఇడిసిపెట్టినవ్."

"మరి కిందుంటే కీబోర్డుతోని కలవది గదా?" అన్నాను.

"రోజుకో తీరు పెడితే కలవది. సరిగ్గ రెండు మెట్లు దించి గట్లనే ఉంచు. కీబోర్డుకు ఓ బటనుంటది, ఒత్తితే అది గూడ రెండు మెట్లు దిగుతది."

నేను నాయిన వైపు చూడలేకపోయాను. ఆ క్రిస్మస్ నాడు ఆ రెండు మాటలు ఎవరన్నా ఆయనతో నెమ్మదిగా చెప్పి ఉంటే సరిపోయేది. ఆ ఎవరన్నాలో నేనూ ఉన్నాను. తిరుగు బస్సులో, "నాయినా, అప్పుడు నీ దిక్కు మాట్లాడకపోతి," అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "నువ్వప్పుడు సిన్నదానివి," అని మాత్రం అన్నాడు.

పట్టీ మళ్లీ అతికింపజేసి, మునుపటికంటే సన్నటి తీగలు వేయించుకున్నాను. రెండు మెట్లు కిందే ఉంచుతున్నాను. మొదట్లో మొద్దుగా పలికింది. వానాకాలం దాటాక కాస్త తేరుకుంది. ఉబ్బు పూర్తిగా పోలేదు, సన్నతీగల్లో ఒక చిన్న జీర మిగిలింది. నా చిన్నప్పుడు విన్న శబ్దం ఇక రాదని తెలుసు. నాయిన షాద్‌నగర్ వచ్చినప్పుడు మంచం మీద కూర్చుని వాయిస్తాడు. ఆయన ముంజేతి మీద సిమెంటు తిన్న మచ్చలు తీగల మీదుగా కదులుతుంటే, నేను డ్యూటీ చీర మడతపెడుతూ వింటాను. పక్క గది ఆమె తలుపు తీసుకుని వచ్చి గడప మీద కూర్చుంటుంది.