నిచ్చెన మీద నాలుగు వేళ్లు

తిరిగిన ఊళ్లలో చాలాచోట్ల నేను పైగదుల్లోనే కాపురం పెట్టాను. కింద ఏదో ఒక షాపు ఉంటుంది. ఈసారి ఉన్నది స్టిక్కర్ల షాపు. బళ్లకీ అద్దాలకీ అక్షరాలూ బొమ్మలూ కోసి అంటించే పని. ఇద్దరు అన్నదమ్ములు నడిపేవారు. వీధంతా పెద్దోడు, చిన్నోడు అనే పిలిచేది. వానలు మొదలయ్యే రోజుల్లో చిన్నోడు జ్వరంతో పోయాడు. తర్వాతి వారమే పెద్దోడు షాపు తెరిచాడు. ఏడవలేదు. బంధువులు అన్న మాటలన్నీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయ్యాయి.

షాపు బోర్డు మీద బొమ్మ చిన్నోడు గీసిందే. ఇద్దరు మనుషులు ఒక నిచ్చెనను చెరో కొసా పట్టుకుని నడుస్తుంటారు. నల్లటి నీడలంతే, మొహాలుండవు. అయినా వెనకున్నవాడు పెద్దోడని పొట్ట చూసి చెప్పొచ్చు.

ఆ బొమ్మతోనే చిక్కొచ్చింది. వచ్చినవాళ్లంతా బోర్డు చూసి, లోపలికి తొంగిచూసి, తమ్ముడేడని అడిగేవారు. ఒకరోజు డ్రైవింగ్ స్కూలు మాస్టారు చాన్నాళ్లకి వచ్చాడు.

"ఏం పెద్దోడా, నిచ్చెన ఒక్కడివే మోస్తున్నావా? చిన్నోడు మళ్లీ ముసుగుతన్నాడా?"

"పోయాడు మాస్టారూ."

"ఎక్కడికి?"

పెద్దోడు కారు నంబరు కోస్తున్నాడు. తలెత్తలేదు. "చచ్చిపోయాడు."

మాస్టారు ఉన్నచోటే కూలబడ్డాడు. మంచినీళ్లిచ్చి ఓదార్చింది పెద్దోడి భార్య. ఆయన వెళ్లాక మొగుడి వైపు తిరిగింది.

"వచ్చినోళ్లందరికీ నేను నీళ్లు తాగించలేనండీ. ఆ బోర్డు మార్చండి. మీరొక్కరే ఉన్నట్టు పెట్టండి."

"ఊ."

"ఊ అంటూనే నెల దాటింది."

పెద్దోడు కంప్యూటర్లో ఆ బొమ్మ ఫైలు తెరిచాడు. మామూలుగా ఇలాంటి బొమ్మలో ముక్కలు విడివిడిగా ఉంటాయి. గ్రూపు విప్పి ఒకదాన్ని పక్కకు లాగేయొచ్చు. చిన్నోడు అలా వదల్లేదు. ఇద్దరినీ, నిచ్చెననీ కలిపి ఒకే గీతగా వెల్డ్ చేసేశాడు. అన్న భుజం దగ్గర మొదలైన గీత నిచ్చెన పొడవునా పోయి, తమ్ముడి వేళ్లనీ తలనీ మడమనీ చుట్టి, మళ్లీ అన్న భుజానికే చేరుతుంది. విడదీయాలంటే తమ్ముడి మణికట్టు దగ్గర గీత తెంపి, అవతలి పాయింట్లన్నీ చెరిపెయ్యాలి. పెద్దోడు మౌసు బాణాన్ని మణికట్టు మీద పెట్టాడు. నొక్కలేదు.

తోలు మీద రాసే కాలంలో అక్షరం పోవాలంటే కత్తితో గీకేవారట. వెలుతురుకు పట్టుకుంటే పాత అక్షరం లీలగా కనబడేది. పండితులకు ఆ మచ్చలంటేనే మోజు. పెద్దోడు గీకనూ లేదు. తెల్ల డబ్బా ఒకటి గీసి తమ్ముడి మీద కప్పాడు. ఇంకాస్త జరిపితే నిచ్చెన కొస పోతుందని అక్కడితో ఆపాడు. మిషన్‌కి పంపాడు.

కోసే మిషన్‌కి రంగులు తెలియవు. తెలుపైనా నలుపైనా, పైనున్నా కిందున్నా, గీతంటూ ఉంటే బ్లేడు కోసుకుపోతుంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి ఈ ముక్క మొదటిరోజే చెప్పేది పెద్దోడే.

నేను పేపరు కోసం కిందికి దిగేసరికి భార్యాభర్తలిద్దరూ మిషన్ కోసిన స్టిక్కరు షీటు ముందు నిలబడి ఉన్నారు.

"మరిది అలాగే ఉన్నాడేంటండీ?"

"డబ్బా కప్పాను."

"కప్పితే కోయదా?"

"కోస్తుంది."

"తెలిసే కప్పారా?"

పెద్దోడు పట్టకారు కోసం బల్ల మీద తడిమాడు. ఆమె గొంతు తగ్గించింది. "పోన్లెండి. షీటు పోతే పోయింది, మళ్లీ కొయ్యండి."

పెద్దోడు పట్టకారు తీసుకుని డబ్బా మూల పట్టి లేపేసి, తమ్ముడి మడమ పట్టి లాగాడు. డబ్బా అంచు వెంట పోయిన బ్లేడు మణికట్టును ముందే తెంపేసింది. తమ్ముడు ఎక్కడా చిరగకుండా లేచి వచ్చాడు. నిచ్చెన అవతలి కొస మీద నాలుగు వేళ్లు మిగిలాయి.

"అవి కూడా తీసెయ్యండి."

"నిచ్చెన పడిపోతుంది," అన్నాడు.

లేచి వచ్చిన బొమ్మ జిగురుకి మడతపడి తనకు తనే అంటుకుపోయింది. సాపు చేయబోతే ఇంకా అంటుకుంది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పాత బొమ్మ పీకేసి మిగిలినదాన్ని బోర్డుకి అంటించాడు.

ఇప్పుడు తమ్ముడేడని ఎవరూ అడగడం లేదు. వచ్చినవాళ్లు తలెత్తి చూసి, "ఆ వేళ్లెవరివండీ?" అంటున్నారు.

"మా తమ్ముడివి," అంటాడు పెద్దోడు, షీటు కొలుస్తూనే.