నాకిచ్చిన మూడు చక్రాల సైకిలు

ఆ రోజుల్లో, అంటే రెండువేల పది దాటిన కొత్తలో, ఎవరు ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చోవడమే నాకు తెలిసిన క్రమశిక్షణ. చిన్నప్పుడే పోలియో కుడికాలిని తీసుకుంది. (ఎడమకాలు నా మాట వింటుంది, ఇంట్లో నా మాట వినేది అదొక్కటే.) బొబ్బిలిలో మా మావ నడిపే ఆర్కెస్ట్రాలో సౌండు మిక్సరు దగ్గర పని. వికలాంగ కళాకారులకీ, సౌండు, లైటింగు పనివాళ్లకీ విజయనగరంలో నాయకత్వ శిక్షణంటే వెళ్లాను. "మిమ్మల్ని పైకి తీసుకురావడమే మా పని" అంది శిక్షణ నడిపే మేడం. చివరిరోజు కచేరీకి నన్నే మేనేజరుగా పెట్టింది. ఆరింటికి నేను 'స్టార్ట్' అంటేనే వాద్యాలు మోగాలి. చూడ్డానికొచ్చిన మావ ఓ మెలిక పెట్టాడు. "ఒరే అల్లుడా, ఆరంటే ఆరుకి మొదలెట్టించీసేవనుకో, ఈ సీజన్లో పెళ్లి పోగ్రాములన్నీ నువ్వే నడుపుదువు. లేదంటే మళ్లీ ఆ మిక్సరు కాడే, సెప్తన్నాను."

ఆరుకు పది నిమిషాలుందనగా, మైకు తీగ చూద్దామని చంకకర్రలతో వేదిక మెట్ల దగ్గరికెళ్లాను. అప్పుడే ముఖ్య అతిథిగారు కారు దిగారు. ఆయన వెంట పంచడానికి మూడు చక్రాల సైకిళ్లొస్తున్నాయని నాకెవరూ చెప్పలేదు. మన సభల్లో చంకకర్రలవాడు వేదిక దగ్గర కనబడితే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఇద్దరు కార్యకర్తలు నన్ను అమాంతం ఎత్తేశారు. (మేడం చెప్పిన పైకి తీసుకురావడం ఇదేనేమో అనుకున్న మాట నిజం.)

"అయ్యా, నాను మేనేజర్నండీ!"

"గాబరా పడకు బాబూ, అందరికీ ఇస్తారు."

వేదిక మీద పెట్టిన సైకిల్లో కూర్చోబెట్టేశారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు. బయట నా సొంత మూడు చక్రాల స్కూటరుంది. అయినా వినయంగా దణ్ణం పెట్టేశాను. నేను నాయకుణ్నో లబ్ధిదారుణ్నో నాకే తేలలేదు. వెనక వాద్యగాళ్లు గుడ్లప్పగించి నన్నే చూస్తున్నారు. వాచీలో ఆరుకి నిమిషం తక్కువ. అతిథిగారు ఉపన్యాసం కాగితాలు తీశారు, దస్తాడున్నాయి. చదవబోయే ముందు, మర్యాదకి, "రెండు ముక్కలు చెప్పు బాబూ" అని మైకు నా నోటిముందు పెట్టారు. కృతజ్ఞత చెబుదామనే నోరు తెరిచాను. "స్టార్ట్!" అని వచ్చింది.

డోలు, కీబోర్డు, ప్యాడ్సు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. జనం ఈలలు. అతిథిగారు కాసేపు తికమకపడి, ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారేమో, కాగితాలు మడిచి చప్పట్లు కొట్టారు.

"అంత పెద్దాయన ఉపన్యాసాన్నే ఆపీసినావు, పెళ్లోళ్లొక లెక్కేటిరా నీకు!" అన్నాడు మావ. మేనేజరుగా నా తర్వాతి పని, ఆ సైకిలు నిజానికి రావలసిన ఓ పెద్దావిణ్ని వెతికి అప్పజెప్పి, ఆవిడచేత తిట్లు తినడం.

ఇప్పుడు అలాంటి శిక్షణల్లో పాఠం చెప్పడానికి నన్నే పిలుస్తున్నారు. సమయానికి నిర్ణయం తీసుకోవడం గురించి గంటసేపు దంచుతాను. మధ్యలో ఎక్కడో, ఎవరికెందుకో తెలియకుండానే దణ్ణం పెట్టిన ఆ కుర్రాడు, అప్పటి నేను, ఆఖరి వరసలో కూర్చున్నట్టనిపిస్తాడు. "ఆ 'స్టార్ట్' తెలిసే అన్నావేటి?" అన్నట్టు నవ్వుతాడు. నేనూ నవ్వి, మొహం పక్కకి తిప్పుకుంటాను.