కెజియా గది తలుపు

ఊరి చర్చిని ఆరువందల ఏళ్ల కిందటిలా చేస్తానని లండన్ నుంచి దిగిన గార్‌సైడ్ దొర, పాత కిటికీ అంత పాతగా లేదని పీకించి, పాతగా కనబడే కొత్తది పెట్టించాడు. ప్రార్థనకి కూర్చోడానికి చర్చి లోపల ఇంటికొకటిగా, చుట్టూ గోడా తలుపూ పెట్టి కట్టుకున్న చెక్కగదులు కూలగొట్టించి బారుగా బల్లలు వేయించాడు. కెజియా థర్ల్‌బీ మాత్రం ప్రతి ఆదివారం నల్లటోపీ ముడి బిగించుకుని వచ్చి, తన గది ఉండినచోట ఆగి, గాలిలో గొళ్ళెం తీసి, లోపలికెళ్ళి తలుపేసుకునే కూర్చుంటుంది. పక్కవాళ్ళని పలకరించదు, మధ్యలో గోడ ఉంది కదా.

ఒక ఆదివారం తన పనితనం చూసుకుందామని వచ్చిన గార్‌సైడ్ తిన్నగా ఆమె పక్కన కూర్చున్నాడు.

"గోడలోంచి వచ్చారేంటి బాబూ?" అంది కెజియా.

"ఆ కాలంలో ఇక్కడ గోడల్లేవమ్మా."

"ఆ కాలంలో నేనూ లేను."

పాదిరిగారు ప్రార్థన మొదలుపెట్టకుండా గార్‌సైడ్‌నే చూస్తున్నారు. ఊరూ అతన్నే చూస్తోంది. చెవులు ఎర్రబడగా అతను లేచి, నడవలోకెళ్ళి, గాలిలో తలుపు తట్టాడు. కెజియా రమ్మంది. లోపలికొచ్చి, వెనక్కి తిరిగి తలుపు మూశాడు.

కెజియా ప్రార్థన పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది: "గొళ్ళెం పడలేదు."